మాల్ గేటు నుంచి కోర్టు మెట్ల దాకా: ఉగ్రవాద నిరోధానికి ఒక బెజవాడ మనిషి రేటింగ్

రేటింగ్ ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. మనమంతా పన్నులు కట్టి నడిపిస్తున్న ఉగ్రవాద నిరోధం అనే సేవలో మన కంటికి కనపడే భాగానికి, అంటే మెటల్ డిటెక్టర్ గేట్లకీ బ్యాగు స్కానర్లకీ, ఐదుకి ఒకటిన్నర. కంటికి కనపడని భాగానికి, అంటే సమాచారం పట్టుకుని కుట్రని ముందే బయటపెట్టే పనికి, ఐదుకి నాలుగు. పట్టుకున్నాక కేసు నిలబెట్టి శిక్ష పడేలా చూడటానికి రెండు. పొరపాటున పట్టుకున్నవాళ్లకి తిరిగి న్యాయం చెయ్యడానికి ఒకటి, అదీ ఒక్క కారణానికి ఇచ్చాను. ఇవన్నీ కూడి నాలుగుతో భాగించకండి. ఈ సేవలో ఒక భాగం పాడైతే ఆ దెబ్బ మిగతా భాగాలకీ తగులుతుంది, నేను ఇదంతా రాయడానికి కారణం అదే.

గేటుతో మొదలుపెడతా, ఎందుకంటే మనలో చాలామందికి ఈ సేవతో ఉన్న పరిచయం అదొక్కటే. ఊళ్లో ఒక పెద్ద మాల్, పేరు అనవసరం, శనివారం సాయంత్రం జనం కిటకిటలాడుతున్నారు. గేటు ప్రతి మనిషికీ కుయ్ మంటోంది, ఎవరూ ఆగట్లేదు, ఎవరూ ఆపట్లేదు. అక్కడ నిలబడ్డ సెక్యూరిటీ అమ్మాయిని అడిగాను, "మోగినా పంపించేస్తున్నారేంటమ్మా?" అని. "అందరికీ మోగుద్ది సార్. తాళాలకి మోగుద్ది, బెల్టుకి మోగుద్ది, ఫోనుకి మోగుద్ది. ఒక్కర్ని ఆపితే వెనకాల వాళ్లు గొడవ చేస్తారు" అంది. నిజంగా ఏదైనా దొరికితే ఏం చెయ్యమన్నారు అంటే సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యమన్నారట. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే డ్యూటీ, కూర్చోవడానికి స్టూల్ కూడా లేదు, ఏజెన్సీ ఇచ్చే జీతం ఎంతో అడగటానికి కూడా నాకు మనసొప్పలేదు. తప్పు ఆ అమ్మాయిది కానే కాదు. తర్వాత కారు తియ్యడానికి సెల్లార్‌కి వెళ్తే ఇంకో సంగతి కనపడింది. పార్కింగ్‌లోకి వచ్చేటప్పుడు డిక్కీ తెరిచి ఒక చూపు చూస్తారు, కారులో కూర్చున్నవాళ్ల బ్యాగులు ఎవరూ ముట్టుకోరు, సెల్లార్ నుంచి లిఫ్ట్ ఎక్కితే ఏ గేటూ లేకుండా నేరుగా షాపుల మధ్యలోకి వెళ్లి దిగుతాం. అంటే నడిచొచ్చినవాడికి ఒక తనిఖీ, కారులో వచ్చినవాడికి అదీ లేదు.

ఈ గేట్లు ఊరికే రాలేదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాక, ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం తెచ్చారు. జనం గుంపుగా చేరే షాపులు, హాళ్లు, ఆసుపత్రులు సీసీ కెమెరాలు పెట్టాలి, లోపలికి వచ్చేవాళ్లని తనిఖీ చేసే ఏర్పాటు ఉండాలి, ఆ రికార్డింగ్ కొన్నాళ్లు దాచి ఉంచాలి అని అందులో ఉంది. ఉద్దేశం మంచిదే. కెమెరాల భాగం బాగానే పనికొచ్చింది, గొలుసు దొంగల దగ్గర్నుంచి పెద్ద కేసుల దాకా పోలీసులు ముందు చూసేది వాటినే. కానీ ఆ చట్టానికి కారణమైన పేలుడు ఎలా జరిగింది? సైకిళ్ల మీద పెట్టిన బాంబులతో, బస్టాప్ దగ్గర, మిర్చి బజ్జీల కొట్టు దగ్గర, నడిరోడ్డు మీద. ఆ సైకిల్ దాటాల్సిన గేటు ఒక్కటి కూడా లేదు. అలాంటి దాడికి జవాబుగా మాల్ ముందు గేటు పెట్టడం అంటే సమస్య ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడం లాంటిది.

గేట్లు అసలు పనిచెయ్యవని నేను అనను. అమెరికాలో 1973 నుంచి విమానం ఎక్కే ప్రతి ఒక్కరినీ తనిఖీ చెయ్యడం మొదలుపెట్టాక హైజాక్‌లు బాగా పడిపోయాయి, దీని మీద లెక్కలు వేసి మరీ చూశారు. అది పనిచేసింది ఎందుకంటే విమానాశ్రయంలో దారులు కొన్నే, అన్నింటి దగ్గరా మనిషి ఉంటాడు, మోగితే ఆపుతాడు. అదే లెక్కల్లో ఇంకో విషయం కూడా తేలింది, హైజాక్‌లు తగ్గాయి గానీ మనుషుల్ని బందీలుగా పట్టుకోవడం, హత్యలు చెయ్యడం లాంటివి పెరిగాయి. దాడి చెయ్యాలనుకున్నవాడు తలుపు మూస్తే కిటికీ వెతుక్కుంటాడు. ముంబైలో 2008 నవంబర్ 26 రాత్రి సీఎస్టీ స్టేషన్‌లోకి ఏకే-47లతో వచ్చిన ఇద్దరికి అక్కడ పెట్టిన మెటల్ డిటెక్టర్లు అడ్డమే కాలేదు, పాతకాలం రైఫిళ్లు పట్టుకున్న పోలీసులు వాళ్లని ఆపలేకపోయారు, ఆ రాత్రి ఒక్క స్టేషన్‌లోనే యాభైమందికి పైగా ప్రాణాలు పోయాయి. తుపాకీ పట్టుకుని వచ్చేవాడికి గేటు మోగుతుందన్న భయం ఎందుకుంటుంది?

నాకు గేట్ల మీద అసలు కోపం వేరే. వాటిని ఎవరూ పరీక్ష పెట్టి చూడరు, చూసినా ఫలితం మనకి చెప్పరు. 2015లో అమెరికాలో వాళ్ల తనిఖీ విభాగం వాళ్లే మారువేషంలో మనుషుల్ని పంపి, నకిలీ బాంబులు, ఆయుధాలు దాచుకుని విమానాశ్రయం చెక్ పాయింట్లు దాటమన్నారు. 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు దాటేశారు. ఆ సంగతి పేపర్లకెక్కింది, విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే సంస్థ తాత్కాలిక అధిపతిని పదవి నుంచి తప్పించారు. ఇది వాళ్లకి పరువు తక్కువ విషయం అంటారు కొందరు, నాకు మాత్రం అది ఆ వ్యవస్థలో అన్నింటికంటే ఆరోగ్యకరమైన ముక్క అనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో తెలిసింది కదా. మన దగ్గర ఆక్టోపస్ వాళ్లు, అంటే ఉగ్రవాద నిరోధక కమాండో పోలీసులు, మాక్ డ్రిల్ చేస్తారు, పేపర్లో ఫొటోలు వస్తాయి, నల్ల దుస్తుల్లో తాళ్ల మీద నుంచి దిగుతుంటారు, అది వాళ్ల సాధనకి మంచిదే. కానీ మాక్ డ్రిల్‌లో ఎప్పుడు ఏం జరుగుతుందో అందరికీ ముందే తెలుసు. గేటు దగ్గర అమ్మాయికి తెలియకుండా బ్యాగులో డమ్మీ పెట్టి పంపడం వేరు. దసరాకి ఇంద్రకీలాద్రి మీదికి లక్షల మంది వచ్చే ఊరు మనది, పెద్ద రైల్వే జంక్షన్ మనది, మనకి ఆ మాత్రం లెక్క అడిగే హక్కు ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ప్రభుత్వం చెప్పే మాట ఒకటుంది, "దిల్‌సుఖ్‌నగర్ తర్వాత మన దగ్గర అంత పెద్ద పేలుడు జరగలేదు, కాబట్టి విధానం పనిచేస్తోంది" అని. ఏ పార్టీ ఉన్నా ఇదే మాట. అంత పెద్దది జరగలేదన్నది నిజమే, మధ్యలో 2016లో చిత్తూరు, నెల్లూరు కోర్టు ఆవరణల్లో పేలుళ్లు జరిగాయి, ప్రాణాలు పోలేదు గనక మనం మర్చిపోయాం. కానీ చాలా అరుదుగా జరిగే ఘోరం విషయంలో "జరగలేదు" అన్నది పెద్ద సాక్ష్యం కాదు. హైదరాబాద్‌లోనే చూడండి, 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో నలభైమందికి పైగా చనిపోయారు, అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. ఆ తర్వాత ఐదేళ్లకి పైగా ప్రశాంతం. 2012లో ఎవరైనా అడిగి ఉంటే విధానం బ్రహ్మాండంగా పనిచేస్తోందనే చెప్పేవాళ్లు. 2013లో మళ్లీ అదే దిల్‌సుఖ్‌నగర్. కేంద్రం రెండు రోజుల ముందే రాష్ట్రాలని హెచ్చరించామంది, అది అన్ని రాష్ట్రాలకీ పంపిన సాధారణ హెచ్చరిక. ఏ ఊరో, ఏ రోజో లేని హెచ్చరికతో ఒక స్టేషన్ ఎస్సై ఏం చేస్తాడు చెప్పండి.

మావోయిస్టుల సంగతి దీనికి భిన్నం, అక్కడ అంకెలకి అర్థం ఉంది. ఎందుకంటే అక్కడ ఘటనలు వందల్లో, వేలల్లో జరిగాయి, అలాంటప్పుడు ఏడాదికేడాది తగ్గితే అది గాలివాటం కాదు. కేంద్రం లెక్కల ప్రకారం 2010లో 1,936 హింసాత్మక ఘటనలు, 2024లో 374. పౌరులూ భద్రతా సిబ్బందీ కలిపి చనిపోయినవాళ్లు 1,005 నుంచి 150కి దిగారు. మన రాష్ట్రం ఈ దారిలో అందరికంటే ముందే నడిచింది, మావోయిస్టుల కోసమే పెట్టిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ 1989లోనే పుట్టింది, లొంగిపోయినవాళ్లకి పునరావాసం, ఏజెన్సీలో రోడ్లు, ఇవన్నీ కలిసి పనిచేశాయి. దీనికి నేను మనస్ఫూర్తిగా మార్కులు వేస్తాను. ఒక్క షరతు, ఎన్‌కౌంటర్‌లో ఎంతమంది చనిపోయారన్న అంకెని విజయానికి కొలమానంగా చూపించకండి. ఎన్ని ఊళ్లలో టీచరు రోజూ బడికి వస్తున్నాడు, రాత్రి ఎనిమిది తర్వాత బస్సు తిరుగుతోందా, పంచాయతీ ఎన్నికలకి భయం లేకుండా నామినేషన్ వేస్తున్నారా, వీటిని కొలవండి. చాలా ఎన్‌కౌంటర్ల మీద పౌర హక్కుల వాళ్లు అడిగిన ప్రశ్నలకి జవాబులు ఇంకా రాలేదు, అవి రావాలి కూడా.

కంటికి కనపడని భాగానికి నాలుగు ఎందుకిచ్చానో చెప్తా. 2025 నవంబర్‌లో మన ఊరి పక్కనే, కానూరు కొత్త ఆటోనగర్‌లో ఒక భవనంలో తలదాచుకున్న మావోయిస్టులని పట్టుకున్నారు. లారీల రిపేర్లు, లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య, ఎవరు ఎక్కడినుంచి వచ్చారో ఎవరూ పట్టించుకోని చోటు, పనికోసం ఇతర రాష్ట్రాల వాళ్లు ఎప్పుడూ వచ్చిపోతుండే చోటు. ఒక్క తూటా పేలకుండా, చుట్టుపక్కల వాళ్లకి గీత పడకుండా తీసుకెళ్లారు. వాళ్లని పట్టించింది మెటల్ డిటెక్టర్ కాదు, ముందే చేతికందిన సమాచారం. అదే నెల 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలి పదిమందికి పైగా చనిపోయారు, దాని వెనక కథ చూడండి. అక్టోబర్‌లో శ్రీనగర్ నౌగామ్‌లో గోడలమీద బెదిరింపు పోస్టర్లు కనపడ్డాయి. అలాంటివి ఎన్నో చూసిన స్టేషన్ వాళ్లు చింపేసి ఊరుకోవచ్చు, ఊరుకోలేదు, కెమెరాలు చూసి అంటించినవాళ్లని పట్టుకున్నారు, ఆ తీగ లాగితే ఫరీదాబాద్‌లో 2,900 కిలోల పేలుడు సామగ్రి బయటపడింది. ఒక మనిషి తప్పించుకున్నాడు, ఎర్రకోట దగ్గర పేలింది. దీన్ని వైఫల్యం అంటారా, విజయం అంటారా? రెండూను. పేలుడు ఆపలేకపోయారు, అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద ఘోరాన్ని ఆపారు. విధానాన్ని అంచనా వేసేవాళ్లు ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పాలి. టీవీల్లో ఒక ఛానెల్ ఒక ముక్కా, ఇంకో ఛానెల్ ఇంకో ముక్కా చెప్పాయి.

ఐదో మార్కు ఎందుకు కోశానంటే రాయచోటి గురించి. 2025లో తమిళనాడు పోలీసులు వచ్చి, 1995 నుంచి తాము వెతుకుతున్న మనిషిని మన రాయచోటిలో పట్టుకున్నారు. మూడు దశాబ్దాల పాటు దొరకని మనిషి, పేరు మార్చుకుని, వ్యాపారం చేసుకుంటూ, ఇరుగుపొరుగుతో మామూలుగా ఉంటూ. పక్క రాష్ట్రం వాళ్లకి కావాల్సిన మనిషి మన కానిస్టేబుళ్ల బీట్ (గస్తీ) పుస్తకంలో లేకపోవడం చిన్న లోపం కాదు. బీట్ కానిస్టేబుల్ అన్న వ్యవస్థని మనం ఎండబెట్టేశాం. ఉన్నవాళ్లలో సగం బందోబస్తులకి, మంత్రుల కాన్వాయ్‌లకి పోతారు, మా వీధికి బీట్ ఎవరో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కూడా తెలియదు. సూర్యాపేట గుర్తుందా? 2015 ఏప్రిల్‌లో, హైదరాబాద్ నుంచి మన ఊరికి వచ్చే దారిలోనే, అర్ధరాత్రి బస్టాండ్‌లో మామూలు తనిఖీ చేస్తున్న పోలీసులకి ఇద్దరు ముష్కరులు ఎదురుపడ్డారు. ఎదురుగా ఉన్నది ఎవరో పోలీసులకి తెలియదు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు. ఆ ముష్కరులు మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్నవాళ్లని తర్వాత తేలింది. హోంగార్డు అంటే రోజు కూలి లాంటి ఉద్యోగం. మన భద్రత ఎవరి భుజాల మీద నిలబడి ఉందో ఆ రాత్రి కనపడింది, ఆ తర్వాత వాళ్ల జీతాల గురించి, వాళ్ల చేతికిచ్చే ఆయుధాల గురించి ఎంత మాట్లాడాలో అంత మాట్లాడలేదు మనం.

సరే, ఈ సేవని నేను స్వయంగా వాడి చూసిన సందర్భం ఒకటుంది. ఒక బస్సుల ప్రాంగణంలో కుర్చీ కింద ఎవరూ లేని నల్ల బ్యాగు కనపడితే 112కి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి కంగారు పెట్టకుండా ఎక్కడ, ఎంత పెద్దది, వైర్లేమైనా కనపడుతున్నాయా అని అడిగింది, ముట్టుకోవద్దంది. కాసేపటికే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి జనాన్ని పక్కకి జరిపారు, టీ కొట్టతన్ని అడిగారు. "ఇందాక ఒక పెద్దాయన కూర్చున్నాడండి, మాత్రలు కొనుక్కొస్తానని పోయాడు" అన్నాడు అతను. ఆ పెద్దాయన రానే వచ్చాడు, గుంటూరు వెళ్లాల్సిన మనిషి, భయపడిపోయాడు పాపం. వాళ్లు ఆయన్ని ఒక్క మాట అనలేదు, "బ్యాగు వదిలి పోకండి బాబాయ్" అని చెప్పి మంచినీళ్లు ఇచ్చారు. నాకైతే ఆ కాసేపు చాలా టెన్షన్ పడ్డాను గానీ, ఈ అనుభవానికి ఐదుకి ఐదు. ఆ టీ కొట్టతనికి ఉన్నంత సమాచారం ఏ స్కానర్‌లోనూ ఉండదు.

ఇక కోర్టులు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం రాజ్యసభకి ఇచ్చిన లెక్క ఇది, 2016 నుంచి 2019 దాకా ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద 5,922 మందిని అరెస్టు చేశారు, ఆ నాలుగేళ్లలో శిక్ష పడింది 132 మందికి. దీన్ని చూపించి నూటికి ఇద్దరికే శిక్ష పడింది అంటారు, అది పూర్తిగా సరైన లెక్క కాదు, ఆ ఏడాది అరెస్టయినవాడి కేసు ఆ ఏడాదే తేలదు కాబట్టి. ఇటు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తన కేసుల్లో 90 శాతం పైగా శిక్షలు పడుతున్నాయంటుంది. అదీ పూర్తి లెక్క కాదు, తీర్పు వచ్చిన కేసులే అందులో ఉంటాయి, ఏళ్ల తరబడి నడుస్తున్నవి ఉండవు. నాకు కావాల్సిన అంకె ఈ రెండూ కాదు. ఫలానా ఏడాది అరెస్టయినవాళ్లలో పదేళ్ల తర్వాత ఎంతమందికి శిక్ష పడింది, ఎంతమంది నిర్దోషులుగా బయటికొచ్చారు, ఎంతమంది ఇంకా తీర్పు లేకుండా లోపలే ఉన్నారు. ఒక్క పట్టికలో పెట్టొచ్చు ఇది. ఉపా కింద బెయిల్ రావడం ఎంత కష్టమో తెలిసిందే, అందుకే మూడో అంకె అన్నింటికంటే ముఖ్యం.

గోకుల్ చాట్ కేసులో తీర్పు 2018లో వచ్చింది, పదకొండేళ్లకి. దిల్‌సుఖ్‌నగర్ కేసు నయం, 2016 డిసెంబర్‌లో ఐదుగురికి శిక్ష పడింది, అయినా హైకోర్టు దాన్ని ఖరారు చేసేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. మక్కా మసీదు కేసు తలచుకుంటేనే బాధ. 2007 మే 18న పేలుడులో తొమ్మిది మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాతబస్తీ కుర్రాళ్లని పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు, వాళ్లకి ఆ పేలుడుతో సంబంధం లేదని తర్వాత తేలింది. ఆ తర్వాత దర్యాప్తు వేరే వైపు తిరిగింది, వేరే మనుషుల మీద కేసు పెట్టారు, 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. అంటే ఆ చావులకి ఇవాళ్టికి చట్టం ముందు బాధ్యుడు లేడు. మొదట పట్టుకున్న కుర్రాళ్లకి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, మంచి నడవడిక ఉన్నవాళ్లని కాగితం రాసిచ్చింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. నేనిచ్చిన ఆ ఒక్క మార్కు ఆ కాగితానికే, ఒక ప్రభుత్వం తన తప్పు తాను ఒప్పుకోవడం అరుదు కాబట్టి.

ఇది దయాదాక్షిణ్యాల విషయం అనుకుంటున్నారేమో, కాదు, ఇది నేరుగా భద్రత విషయం. ఒక బస్తీలో ఇరవైమంది కుర్రాళ్లని పట్టుకెళ్లి ఏ ఆధారం లేకుండా నెలల తరబడి ఉంచితే, ఆ బస్తీలో టీ కొట్టతను ఇంకెప్పుడైనా పోలీసులకి "ఇక్కడ కొత్తవాడెవడో దిగాడండి" అని చెప్తాడా? అరెస్టుల అంకె పెరిగింది, చూడ్డానికి విధానం పనిచేస్తున్నట్టే ఉంది, లోపల సమాచారం వచ్చే దారి ఒక్కొక్కటీ మూసుకుపోతోంది. దాని ఫలితం ఆ ఏడాది కనపడదు, ఐదారేళ్లకి ఎవరో చెప్పాల్సిన మాట చెప్పకుండా ఊరుకున్నప్పుడు కనపడుతుంది, అది ఏ లెక్కలోకీ ఎక్కదు.

పహల్గామ్‌లో 2025 ఏప్రిల్ 22న చనిపోయిన 26 మందిలో మన విశాఖ మనిషి ఉన్నాడు, కావలి కుటుంబం వాడు ఉన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు మన ఊళ్లో ప్రతి గేటు దగ్గరా తనిఖీ గట్టిగా జరిగింది, బ్యాగులు తెరిచి చూశారు, మెల్లగా మళ్లీ పాత పద్ధతే వచ్చింది. నాకు గట్టి తనిఖీ మూడు వారాలు అక్కర్లేదు. గేటు ఉన్నచోట ఏడాదికి ఒకసారైనా చెప్పకుండా పరీక్ష పెట్టి ఫలితం జిల్లా స్థాయిలో చెప్పండి, ఫెయిలైన చోట గేటన్నా సరిచెయ్యండి, లేదంటే తీసేసి ఆ ఖర్చు బీట్ కానిస్టేబుల్ మీద పెట్టండి. మా పటమట సందుల్లో తిరిగే కానిస్టేబుల్ ఎవరో మాకు తెలిసేలా చెయ్యండి, అతన్ని మూడు నెలలకోసారి మార్చకండి. అరెస్టు చేసిన ప్రతి కేసూ పదేళ్ల తర్వాత ఎక్కడుందో అసెంబ్లీలో ఏటా ఒక పట్టిక పెట్టండి, తప్పుగా పట్టుకున్నవాళ్లకి పరిహారం ఎవరి దయ మీదా ఆధారపడకుండా చట్టంలోనే రాయండి, హైకోర్టు కొట్టెయ్యడానికి వీల్లేకుండా.